రెండో సగం

ఆ వీధిలో సినిమాకు వెళ్లాలనుకున్నవాళ్లు ముందు దర్జీ దుకాణం దాకా నడిచి వచ్చేవారు. తలుపు పక్కన ఒక నల్లబల్ల ఉండేది. కొలతలు రాసుకోవడానికని కొన్నది కాస్తా ఎప్పుడో సినిమాల పాలయింది. కొత్త సినిమా వస్తే చాలు, దర్జీ మొదటి ఆట చూసి వచ్చి సుద్దముక్కతో రెండు మూడు మాటలు రాసేవాడు. పొగడ్తలో పిసినారి, తిట్టడంలో ఇంకా పిసినారి. ‘హీరో ఏడ్చాడు, మేం ఏడవలేదు.’ ‘పెళ్లి సీను అరగంట. సొంత పెళ్లిలో కూడా అంతసేపు కూర్చోలేదు.’ ఒక్కసారి మాత్రం, ‘కథ మర్చిపోయాను. ఆ తండ్రి కూతురి తలుపు కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకోవడం మర్చిపోను’ అని రాసి, మూడు వారాలు ఎవరినీ ఆ బల్ల తుడవనివ్వలేదు.

నచ్చని సినిమాలో ఆయన ఇంటర్వెల్ దాటి కూర్చునేవాడు కాదు. “అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండంతా తినాలా? ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ!” అనేవాడు. అయితే మనిషి ముక్కుసూటి. లేచి వచ్చేసిన సినిమాకు బల్ల మీద కింద ‘సగం’ అని తప్పకుండా రాసేవాడు. వీధిలోవాళ్లు నవ్వుకుని, ఆయనకు ‘సగం మాస్టారు’ అని పేరు పెట్టారు. దర్జీకి కోపం రాలేదు. చూసినంతవరకే చెప్పాలి, చూడనిది చూశానని చెప్పకూడదు, అంతే ఆయన సిద్ధాంతం. ముప్పయ్యేళ్లలో ఆ బల్ల ఒక్కసారే అబద్ధం ఆడింది.

ఆ అబద్ధం తమ్ముడి సినిమా గురించి. ఆ తమ్ముడు ఇప్పుడు ఆయన ఇంట్లోనే, ముందుగదిలో కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. డాక్టరు నెలల మాట మానేసి వారాల మాట మొదలుపెట్టాడు.

ఇరవై రెండేళ్ల కిందట తమ్ముడికి నటన పిచ్చి. లిఫ్టులు బాగుచేసే పని ఎగ్గొట్టి నాటకాలాడేవాడు. ఎట్టకేలకు ఒక సినిమాలో వేషం దొరికింది. “చిన్నదే అన్నయ్యా,” అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. దర్జీ మొదటి ఆటకు వెళ్లాడు. సినిమా నత్తనడక. ఒక బస్సు సీనులో వెనక సీట్లో తమ్ముడు కనిపించాడు, కిటికీలోంచి బయటకు చూస్తూ. ‘వేషం ఇదే కాబోలు, అయిపోయింది’ అనుకుని, అలవాటు కొద్దీ ఇంటర్వెల్‌లో లేచి వచ్చేశాడు. టీ తాగి, కాసేపు వీధులు తిరిగి ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. “మొత్తం చూశావా?” అని అడిగింది. తమ్ముడు ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. సొంత తమ్ముడి సినిమాలోంచి లేచి వచ్చానని చెప్పడానికి నోరు రాలేదు. “చూశాను,” అన్నాడు. మర్నాడు బల్ల మీద ‘కదలని సినిమా. టైము దండగ’ అని రాశాడు. కింద ‘సగం’ రాయలేదు.

వారం తిరక్కుండానే ఆ సినిమా ఎత్తేశారు. తమ్ముడు నెల తర్వాత బుద్ధిగా లిఫ్టుల పనిలోకి తిరిగి వెళ్లాడు, మళ్లీ నాటకాల ఊసెత్తలేదు. కుర్రాడు దారిన పడ్డాడని ఇంట్లో అందరూ సంతోషించారు. దర్జీ కూడా సంతోషించాడు, పాపం.

ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడి కూతురు ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చింది.

“పెదనాన్నా, దొరికిందోచ్! నాన్న సినిమా! ఎవరో నెట్‌లో పెట్టారు. నేనింకా చూడలేదు, అందరం కలిసి చూద్దామని ఆగాను.”

దర్జీ కుడుతున్న గుండీ మీంచి తలెత్తలేదు.

“వద్దులేమ్మా,” అన్నాడు తమ్ముడు మంచం మీంచి. “దాని సంగతి మీ పెదనాన్న ఎప్పుడో తేల్చేశాడుగా.”

“నేనేం తేల్చానురా? సినిమా బాలేదన్నాను. నిన్నేమీ అనలేదే!”

“అదే. ఏమీ అనలేదు.” తమ్ముడు ఊపిరి కోసం ఆగాడు. “గుంపులో నిలబడ్డవాడి గురించి కూడా ఒక మాట రాసే మనిషివి నువ్వు. ఎవడో టీ కప్పు పట్టుకున్న తీరు బాగుందని రాశావు ఒకసారి. నా గురించి ఒక్క ముక్క లేదు. కింద ‘సగం’ ఉందేమోనని రెండుసార్లు వెళ్లి చూశాను అన్నయ్యా. లేదు. అంటే మొత్తం చూసి కూడా ఊరుకున్నావు. అంత చండాలంగా చేశానన్నమాట. అడిగితే నువ్వు అబద్ధం చెప్పవు. అందుకే అడగలేదు.”

“అందుకే మానేశావా?”

“మరెందుకనుకున్నావు?”

ఆ గొంతులో కోపం లేదు. ఎప్పుడో మానిపోయిన దెబ్బ గురించి చెప్పినట్టు చెప్పాడు. అదే దర్జీకి ఎక్కువ నొప్పి కలిగించింది.

ఇప్పుడు నోరు మూసుకుని సినిమా చూసి, ‘బ్రహ్మాండంగా చేశావురా, అప్పుడే అనుకున్నాను’ అంటే సరిపోతుంది. పోయే మనిషి దగ్గర ఆ మాత్రం ఎవరైనా అంటారు. కానీ అప్పుడే అనుకున్నవాడు ఇరవై రెండేళ్లు ఎందుకు దాచాడు? తమ్ముడు వెర్రివాడు కాదు. దర్జీ సూదిని చొక్కాకు గుచ్చి పక్కన పెట్టాడు.

“నేను చూడలేదురా. ఇంటర్వెల్‌లో వచ్చేశాను. బస్సులో కనిపించావు, అదే నీ వేషమనుకున్నాను. అమ్మ అడిగితే చూశానని చెప్పాను. ‘సగం’ అని రాయడానికి సిగ్గేసింది.”

తమ్ముడు పైకప్పు వంక చూస్తూ ఉండిపోయాడు. కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి. తుడుచుకోలేదు.

“బస్సులో వేషం కాదన్నయ్యా. మనిషి తక్కువైతే కూర్చోబెట్టారు,” అన్నాడు చివరికి. ఆ తర్వాత, “ఇరవై రెండేళ్లు,” అన్నాడు. దర్జీ తల వంచుకున్నాడు. క్షమించమని అడిగే ముఖం లేదు ఆయనకు.

కాసేపటికి తమ్ముడు కూతురి వైపు తిరిగాడు. “రెండో సగం నుంచి పెట్టమ్మా. మొదటిది ఆయన చూశాడు.”

తమ్ముడిది లాడ్జి గుమాస్తా వేషం. మూడు రోజులుగా ఎవరికోసమో ఎదురుచూస్తున్న ఒక ముసలామెకు, వచ్చిన ఉత్తరం చదివి, ఆ మనిషి ఇక రాడని చెప్పాలి. నాలుగు నిమిషాల సీను. దర్జీ ముందుకు వంగి, కొత్త బట్టకు కత్తెర పెట్టే ముందు చూసినంత శ్రద్ధగా చూశాడు. అది అయిపోగానే పిల్ల ఆపేసింది. ఇద్దరూ ఆయన వంకే చూస్తున్నారు. తమ్ముడి వేళ్లు దుప్పటి అంచును పట్టుకుని ఉన్నాయి.

“మొదట్లో చేతులు ఊపావు,” అన్నాడు దర్జీ.

“పెదనాన్నా!” అంది పిల్ల.

“ఊపాడమ్మా. గొంతు కూడా పెంచాడు, నాటకాల గొంతు. ఆ ఉత్తరం చదవడమూ అంతంత మాత్రమే.” దర్జీ తమ్ముడి వైపు తిరిగాడు. “కానీ ఒరేయ్, ఆవిడ కోసం కుర్చీ లాగావు చూడు. లాగి, కూర్చోమని అనలేక, దాని వెనకభాగం పట్టుకుని నిలబడిపోయావు. అక్కడ నువ్వు నా తమ్ముడివని మర్చిపోయాను. ఇన్నేళ్లుగా ఇన్ని చూశాను, నాకు గుర్తుండిపోయినవి నాలుగో అయిదో. వాటిలో అదొకటి. అప్పుడే చూసుంటే ఆ బల్ల తుడవనిచ్చేవాణ్ణి కాదు.”

తమ్ముడు మోచేతి మీద కాస్త పైకి లేచాడు.

“చేతులు ఊపానా?”

“ఊపావు.”

“నాకూ అప్పుడే అనిపించింది,” అన్నాడు తమ్ముడు. అతని వేళ్లు దుప్పటిని వదిలేశాయి. ఆ తప్పులు చెప్పబట్టే మిగతా మాట నమ్మాడని దర్జీకి తెలుసు. ఇంత చేయగల మనిషి లిఫ్టుల గుంతల్లో గ్రీజు పూసుకుంటూ బతికాడే అనుకున్నాడు.

ఆయన లేచి వీధి చివరనున్న తన దుకాణానికి వెళ్లాడు. ఆదివారం కావడంతో మూసి ఉంది. బల్ల తుడిచి, నిలబడి రాశాడు. ‘ఇరవై రెండేళ్ల కిందటి ఒక సినిమా. బాలేదు. కానీ రెండో సగంలో ఒక గుమాస్తా కుర్చీ లాగుతాడు, అది చూడండి. అప్పుడు చూశానని చెప్పాను, చూడలేదు.’ కింద, ఆనాడు రాయాల్సిన మాటను పెద్దక్షరాలతో రాశాడు. వెంట వచ్చిన పిల్ల దాన్ని ఫోటో తీసి, ఇంటికొచ్చాక తండ్రికి చూపించింది.

“బాలేదని రాయాల్సిందేనా?” అన్నాడు తమ్ముడు.

“బాలేదు కదరా.”

తమ్ముడు నవ్వాడు, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. దగ్గు తగ్గాక, “ఈసారి మొదటి నుంచి పెట్టమ్మా,” అన్నాడు.

దర్జీ కుర్చీని మంచానికి దగ్గరగా లాక్కున్నాడు. సినిమా అప్పటికంటే ఇప్పుడు ఇంకా నెమ్మదిగా ఉంది. బస్సు వచ్చింది, పోయింది. ఇంటర్వెల్ అని తెర మీద పడింది. తమ్ముడు ఓరకంట చూశాడు. దర్జీ లేవలేదు.