ఉల్లిపాయల గంట

వెర్బా క్రీక్ ఊళ్ళో, మంచు మీద హాకీ ఆడే ఎరీనాలో, మంటల అలారం బిగించిన నాటికి ఒరెస్ట్‌కి మీసాలే రాలేదు. ఇప్పుడా మీసాలు నెరిసిపోయాయి. అలారం మాత్రం గోడమీద అదే ఎర్రపెట్టెలో కూచుని, బుద్ధి పుట్టినప్పుడల్లా మోగుతూనే ఉంది. స్నానాల గదిలో ఆవిరెక్కువైతే మోగుతుంది. గోలు పడి జనం బల్లల మీద దబదబా కాళ్ళు కొడితే మోగుతుంది. ఒకసారి పాదిరిగారు తుమ్మితే మోగిందంటారు గానీ అది శుద్ధ అబద్ధం. ఆయన రెండుసార్లు తుమ్మారు.

అన్నిటికంటే ఎక్కువగా అది మోగేది టెక్లా అవ్వ ఉల్లిపాయలు వేయించినప్పుడు. డెబ్బై ఆరేళ్ళ టెక్లా ఆ ఎరీనా వంటగదికి మహారాణి. బంగాళాదుంప కూరి ఉడికించిన పెరోగీలనే కుడుముల మీద, వెన్నలో ఎర్రగా వేగిన ఉల్లిపాయలు గుమ్మరించడం ఆమె పద్ధతి. పొగ లేస్తుంది, గంట గణగణమంటుంది, ఉన్నవాళ్ళంతా పళ్ళేలు పట్టుకుని వంటగది కిటికీ ముందు బారులు తీరుతారు. ఇరవై ఏళ్ళుగా ఇదే తంతు.

ఈ ఫిబ్రవరిలో ఒరెస్ట్‌కి తిండి సయించడం మానేసింది. ఎరీనాలో మంచు పరిచేదీ, తలుపులు తీసేదీ, అలారాన్ని బుజ్జగించేదీ అతనే. శనివారం పక్కూరు కార్బెన్‌తో హాకీ ఫైనల్, అదీ ఇరవై రెండేళ్ళ తర్వాత సొంత మంచు మీద. దానికి రెండ్రోజుల ముందు, గురువారం, అలారం పరీక్షకి ఇన్‌స్పెక్టరు వస్తోంది. పరీక్ష తప్పితే తలుపుకి తాళం, ఫైనల్ ఆ కార్బెన్‌కే పోతుంది. కార్బెన్ ఎరీనా చూసుకునేది ఒరెస్ట్ బావమరిది వాల్టర్. వాడి ముందు టికెట్టుకి చెయ్యి చాచడం కంటే మంచులో గొయ్యి తవ్వుకుని కూచోవడం మేలనిపించింది ఒరెస్ట్‌కి.

గురువారం పొద్దున్నే పెట్టెని తుడిచాడు, ఊదాడు, వీపు మీద తట్టినట్టు నాలుగు తట్టాడు. తర్వాత వంటగదిలోకి వెళ్ళాడు.

"అవ్వా, ఇవాళ ఒక్క ఉల్లిపాయ కూడా పొయ్యెక్కకూడదు."

"నీ డబ్బా ఏడుస్తుందని నా పొయ్యి ఆర్పుకోవాలట్రా?"

"ఒక్కపూట, నీకు పుణ్యముంటుంది."

"సరే, ఏడువు."

రెండింటికి ఇన్‌స్పెక్టరు జోస్లిన్ వచ్చింది. మంచు మీద బడిపిల్లలు జారుతున్నారు, పక్కన ముసలాళ్ళు పేకాడుతున్నారు. ఆమె పెట్టెలో తాళంచెవి పెట్టి తిప్పింది. ఒరెస్ట్ కళ్ళు మూసుకున్నాడు.

గంట ఖంగున మోగింది. ఇన్నేళ్ళలో అంత శ్రావ్యంగా ఎన్నడూ మోగలేదు. ఒరెస్ట్‌కి కళ్ళు చెమర్చాయి. ఆ తడికళ్ళతోనే చూస్తే, పిల్లలు మంచు దిగారు, ముసలాళ్ళు పేకలు బోర్లించారు. బయటి తలుపు వైపు మాత్రం ఒక్కడూ పోలేదు. అందరూ పళ్ళేలతో కిటికీ ముందు నిలబడ్డారు.

"ఇవాళేం లేవు, పొండి!" అని అరిచింది టెక్లా.

"గంట కొట్టావుగా అవ్వా!" అన్నాడు పేకాట మైరోన్.

"నేను కొట్టలేదు, గవర్నమెంటు కొట్టింది!"

"అయితే గవర్నమెంటునే వడ్డించమను!"

జోస్లిన్ అలారం వైపు చూసింది, జనం వైపు చూసింది. "ఈ పెట్టెకి ఏ జబ్బూ లేదండీ. జబ్బల్లా మీ ఊరికే. మూడింటికి మళ్ళీ మోగిస్తా. మూడు నిమిషాల్లో హాలు ఖాళీ కాకపోతే తాళమే. పరీక్ష అని జనానికి ముందే చెప్పారంటే ఊరుకోను."

ఒరెస్ట్ పరుగున వంటగదిలో పడ్డాడు. "అవ్వా, ఉల్లిపాయలు తరుగు!"

"పొద్దున వద్దని మొత్తుకున్నది నువ్వేనా, నీ తమ్ముడా?"

"నేనే. ఇప్పుడు కావాలి. కానీ వడ్డన బయట, నా ట్రక్కు మీద."

"సున్నాకి ముప్పై డిగ్రీల కింద ఉందిరా బయట! నా పెరోగీ రాయవుతుంది. విసిరితే దుప్పి చస్తుంది."

"లేకపోతే ఫైనల్ వాల్టర్ చేతిలోకి పోతుంది అవ్వా."

టెక్లా కత్తి ఆగింది. "నీ పెళ్ళిలో నా వంటకి ఉప్పెక్కువైందన్న వాల్టరేనా?"

"వాడే."

"ట్రక్కు గుమ్మం దగ్గరికి తే."

మూడు కావడానికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. జోస్లిన్ తాళంచెవి కోసం జేబులో వెతుక్కుంటూ ఉండగానే గంట మోగింది.

"నేనింకా తిప్పందే!"

"మా అలారం కాస్త చురుకైందండీ," అన్నాడు ఒరెస్ట్.

అంతలో వంటగది తలుపు తన్నుకుని టెక్లా బయటికొచ్చింది. చేతుల్లో పొగలు కక్కే డేగిసా. "బయట వడ్డన! కోట్లు తొడుక్కు చావండి!" అంటూ హాలు మధ్యనుంచి నడిచింది. తల్లిబాతు వెనక పిల్లల్లా ఊరంతా ఆమె వెనక కదిలింది. స్కేట్లు విప్పకుండా కొందరు, పేకముక్కలు పళ్ళల్లో కరుచుకుని కొందరు. మోకాళ్ళ నొప్పులని పదేళ్ళుగా కర్ర వదలని మైరోన్, కర్ర చంకలో పెట్టుకుని ముగ్గుర్ని దాటేశాడు.

ఒరెస్ట్ గడియారం చూశాడు. నిమిషం యాభై సెకన్లు. హాల్లో తనూ, ఇన్‌స్పెక్టరూ తప్ప పురుగు లేదు.

జోస్లిన్ సంచీలోంచి కాగితం తీసింది. "మనుషులు బయటికెళ్ళాలని రూల్లో ఉంది. ఎందుకోసం వెళ్ళాలో లేదు," అంటూ సంతకం పెట్టింది. "వేసవిలో కొత్త అలారం బిగించాలి. అప్పటిదాకా గంట మోగితే వడ్డన బయటే." కాగితం ఇచ్చి, తనూ ఒక పళ్ళెం వెతుక్కుంది.

శనివారం ఫైనల్ రెండు-రెండు మీద ఉండగా గంట మోగింది. ఆరువందలమంది, రెండు జట్లు, రిఫరీలతో సహా చలిలోకి నడిచారు. వెర్బా క్రీక్ కుర్రాళ్ళు పాలు మానిన దగ్గర్నుంచీ పెరోగీలు తిని పరిగెత్తినవాళ్ళే కదా, తలా ఆరు మింగి తిరిగొచ్చారు. కార్బెన్ కుర్రాళ్ళు మొదటిసారి రుచి చూశారు పాపం, తలా ఇరవై లాగించారు. ఆట మళ్ళీ మొదలయ్యేసరికి వాళ్ళ గోల్‌కీపరు కూచున్నవాడు కూచున్నట్టే ఉండిపోయాడు.

స్కోరు ఐదు-రెండు. ఫిర్యాదు రాస్తామని కార్బెన్ వాళ్ళు అన్నారు గానీ, బల్ల మీంచి లేచి కాగితం తెచ్చే ఓపిక వాళ్ళలో ఒక్కడికీ లేకపోయింది.