మొదటి తాళం

మా ఇంట్లో వ్యాను ఒక్కటే. దానికి డాక్టర్లు మాత్రం అరడజను మంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇసుక పోసి పిండిమర ఆడించినట్టు కర్ర్ర్‌మని ఒక శబ్దం వచ్చేది. మూడు నాలుగు సెకన్లు, అంతే. ఆ తర్వాత రోజంతా మహా బుద్ధిగా నడిచేది. ఆ నాలుగు సెకన్ల మీద మావాళ్లు నెలరోజులు కాలక్షేపం చేశారు.

పాలబ్బాయి ఫ్యాన్ బెల్ట్ అన్నాడు. పక్కింటావిడ లోపల ఎలుక దూరిందంది. మా ఆయన బేరింగ్ అన్నారు. ఆయనకు తెలిసిన సామాను అదొక్కటే, మిక్సీ పాడైనా అదే అంటారు. ఇక మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, ఆఫీసులో ఫైళ్లు కట్టే ఉద్యోగం చేస్తారు. కాబట్టి ఇంజన్ల గురించి ఆయనకు తెలియనిది లేదు. బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని, రెండు నిమిషాలు మౌనం పాటించి, "ఇంజన్ అయిపోయింది" అని తేల్చేశారు.

"పాతికేళ్ల బండమ్మా. పిల్లలు లోపలుండగా నడిరోడ్డు మీద ఆగిపోతే ఎవడిది పూచీ? ఆదివారం తుక్కు కొనేవాడు వస్తాడు. మాట్లాడేశాను."

మాట్లాడేశారట! ఆ వ్యానులో రోజూ పద్నాలుగు మంది పిల్లల్ని బడికి దించి, సాయంత్రం ఇళ్లకు చేర్చేది నేను. మామయ్యకు, అంటే మా ఆయన నాన్నగారికి, మోకాళ్లు మొరాయించినప్పుడు ఆయనే నాకు నేర్పి ఆ సీటులో కూర్చోబెట్టారు. బండి పోతే నా పనీ పోతుంది. ఇంకో పని నాకు రాదు, పిలిచి ఇచ్చేవాళ్లూ లేరు. బావగారు కాఫీ చప్పరిస్తూ ఆ ఆదివారం సంగతి చెప్పుకుపోయారు.

మామయ్యది ఇంకో వరస. "ఏ శబ్దం? పాతికేళ్లుగా నేను తిప్పుతున్న తాళం. బండికేం లేదు, రోగం మీ చెవులకే!" అని కస్సుమనేవారు.

మా ఇంట్లో ఒక నియమం ఉంది. పొద్దుటి మొదటి తాళం మామయ్యది. తెల్లారగానే తల దువ్వుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, కుంటుకుంటూ వెళ్లి బండి స్టార్ట్ చేస్తారు. పది నిమిషాలు వేడెక్కనిచ్చి, కొత్త అల్లుడికి పిల్లనప్పగిస్తున్నంత గంభీరంగా నాకు అప్పగిస్తారు. స్టీరింగ్ వదిలాక ఆయనకు మిగిలిన ఉద్యోగం అదొక్కటే. దానికి సెలవు కూడా పెట్టరు.

అందువల్ల నేను మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లేసరికి బండికి ఏ జబ్బూ ఉండేది కాదు. మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. మూడుసార్లు తీసుకెళ్లాను. మూడుసార్లూ "కడిగిన ముత్యంలా ఉందమ్మా" అన్నాడు. చివరికి నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు.

"చల్లటి ఇంజన్ని వినాలి. శుక్రవారం పొద్దున నేనే మీ ఇంటికొస్తా. నేనొచ్చేదాకా తాళం ఎవరూ తిప్పొద్దు."

శుక్రవారం తాళం నా దగ్గరే పెట్టుకున్నాను. మామయ్య ఉతికిన చొక్కాతో మెట్టు మీద కూర్చుని, మూతి ముడుచుకుని, నావైపు చూడనైనా చూడలేదు. బావగారు సినిమాకు వచ్చినట్టు కుర్చీ తెచ్చుకున్నారు. మేస్త్రీ వచ్చి "తిప్పమ్మా" అన్నాడు. తిప్పాను. బండి వెన్నలా స్టార్టయింది.

"డాక్టర్ని చూడగానే జ్వరం పారిపోయింది," అన్నారు బావగారు.

మేస్త్రీ ఇంజన్ ఆపించాడు. "రోజూ తిప్పేదెవరమ్మా?"

"మా మామయ్య."

"అయితే ఆయన్నే తిప్పమనండి."

"వేడెక్కిన ఇంజన్లో ఇంకేం వినపడుతుందయ్యా?" అని బావగారు అంటూనే ఉన్నారు. నేను తాళం చాపగానే మామయ్య లేచి, చొక్కా సర్దుకుని, సీటులో కూర్చున్నారు. బావగారూ మా ఆయనా బానెట్‌లోకి తలలు దూర్చారు. మేస్త్రీ మాత్రం డ్రైవర్ తలుపు దగ్గర నిలబడి మామయ్య చేతినే చూస్తున్నాడు. నేనూ చూశాను. తాళం తిరిగింది. ఇంజన్ అందుకుంది. చెయ్యి మాత్రం తాళాన్ని వదల్లేదు. కర్ర్ర్‌మంది.

మేస్త్రీ నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "బండి స్టార్టయినా ఆయన వదలట్లేదమ్మా. నడుస్తున్న ఇంజన్ మీద, దాన్ని మొదట తిప్పే సెల్ఫ్ మోటారు పళ్లు ఒరుసుకుంటున్నాయి. అదే ఆ శబ్దం. ఆయనకు ఇంజన్ వినపడటం లేదు."

నాకు సిగ్గేసింది. మూడుసార్లు పిలిస్తేగాని పలకని మనిషిని ఇన్నాళ్లూ పరధ్యానం అనుకున్నాం. అరడజను మంది డాక్టర్లం, ఒక్కరమూ మనిషి వంక చూడలేదు.

కిటికీ దగ్గరికెళ్లి గుట్టుగా అడుగుదామనుకున్నాను. "మామయ్యా, మీకు ఇంజన్ వినపడటం లేదా?"

"ఆఁ?"

గొంతు పెంచాను. "ఆఁ?" అన్నారు మళ్లీ. మూడోసారి అరిచాను. పక్కింటావిడ తలుపు తీసుకుని బయటికొచ్చింది. వీధంతా విన్నది, చివరికి ఆయనా విన్నారు.

"ఆర్నెల్లుగా వినికిడి తగ్గుతూ వస్తోందమ్మాయ్," అన్నారు స్టీరింగ్ వంక చూస్తూ. "చెబితే తాళం తీసేసుకుంటారని..."

నాకు ఒళ్లు మండిపోయింది. "బండి తుక్కుకు పోతున్నా చెప్పరా? నా పని పోతున్నా చెప్పరా?" ఆ మాటా అరిచే అనాల్సొచ్చింది.

"చెబుదామనే ఉన్నా. ఆదివారం దాకా టైముంది కదా అనుకున్నా." ఆయన తాళం తీసి నా చేతిలో పెట్టారు.

బావగారు బానెట్‌లోంచి తల తీసి గొంతు సవరించుకున్నారు. "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా, సెల్ఫే అయ్యుంటుందని. మరి ఆదివారం వచ్చేవాడికి ఏం చెప్పమంటావు?"

"మీ స్కూటర్ చూపించండి బావగారూ."

మేస్త్రీ నవ్వు ఆపుకుంటూ నావైపు తిరిగాడు. "ఇంజన్ అందుకోగానే డ్యాష్‌బోర్డ్ అదురుతుందమ్మా. చెవి లేకపోతేనేం, చెయ్యి చాలు."

తాళం మళ్లీ దాని చోట పెట్టాను. మామయ్య ఎడమ చెయ్యి పట్టుకుని, అరచెయ్యి డ్యాష్‌బోర్డ్‌కు ఆనించాను. "అదరగానే వదిలేయండి!" అని అరిచాను. పక్కింటావిడ కూడా తలూపింది.

ఆయన తిప్పారు, వదిలారు. శబ్దం రాలేదు. ఆయన మాత్రం వచ్చిందా అన్నట్టు నా మొహంలోకి చూశారు. రాలేదని చెయ్యి ఊపాను. నమ్మలేదు. ఆపి మళ్లీ తిప్పారు, మళ్లీ నా మొహం చూశారు. పిల్లలకు ఆలస్యమవుతోంది, తల్లులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. చేయనీ అనుకున్నాను. మూడోసారీ తిప్పి చూశారు.

నాలుగోసారి అరచేతి కింద అదరగానే తాళం వదిలారు. నా మొహం వైపు చూడలేదు.