గంజి పెట్టిన చొక్కా

సింగపూర్ టాంపినీస్‌లో కాత్యాయని వాళ్ల ఫ్లాట్‌కి తెల్లారేది గంజి వాసనతోనే. అన్నం వార్చిన గంజిని పల్చన చేసి, చొక్కాలు ముంచి, కిటికీ బయట వెదురు కర్రలకు ఆరేసి, నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేసేది. డాట్‌కామ్‌లు కూలిపోయి, తెలుగు కుర్రాళ్లంతా ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతున్న రోజులవి. చొక్కాలకు కొదవ లేదు.

ఆవిడ గంజి పెట్టిన చొక్కా తొడుక్కుంటే, మనిషికి ఎక్కడ పనుందో అక్కడికి అదే లాక్కుపోయేది. పక్క బ్లాక్ కౌశల్ హౌగాంగ్ బస్సెక్కబోతే చొక్కా అతన్ని పాయా లేబర్ బస్సు వైపు తిప్పింది. సాయంత్రానికి ఉద్యోగంతో వచ్చాడు.

"ఆంటీ, ఇంకో రెండు షర్టులు," అని సంచి పెట్టి పోయాడు. గంజి బాగా కుదిరిందనుకున్నారంతే.

చిక్కంతా ఆవిడ మొగుడు సుధాకరరావుతోనే. ఆయన ఉద్యోగమూ ఊడింది. డిసెంబరులోపు ఇంకోటి దొరక్కపోతే ఫ్లాట్ ఖాళీ చేసి కాకినాడ వెళ్లిపోవాలని అనుకున్నారు. కాత్యాయనికి ప్రాణం ఉసూరుమంది. తన చేత్తో తను మొదలుపెట్టుకున్న మొదటి పని ఈ ఇస్త్రీ.

"ఇస్త్రీ కొట్టు పెట్టుకోడానికా సముద్రం దాటొచ్చాం?" అనేవాడాయన.

"ఇస్త్రీ లేకుండా మీరు మాత్రం గడప దాటుతారేంటండీ," అనేదావిడ.

ఆయన చొక్కాకి గంజి ఇంకాస్త చిక్కగా పెట్టేది. ఏం లాభం? అది ఆయన్ని రైల్వే స్టేషన్ దాకా తీసుకెళ్లి, మళ్లీ ఇంటికే తెచ్చి దిగబెట్టేది. తన గంజే ఆయనకు అడ్డమవుతోందని ఆవిడ వంటింట్లో ఏడ్చుకుంది.

ఆఖరి ఇంటర్వ్యూ రోజు ఉత్త చొక్కా ఇచ్చింది.

"గంజి పెట్టలేదేం?"

"వద్దులెండి. ఈసారి మీ ఇష్టం వచ్చిన చోటికి మీరే వెళ్లండి."

ఆవిడ ఉబ్బిన కళ్లకేసి చూశాడాయన. ఒంటిమీది చొక్కా విప్పేసి, కర్రమీద ఆరిన తన గంజి చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"ఇది లేకపోతే ఒళ్లు నిలబడట్లేదే," అని వెళ్లిపోయాడు.

ఆవిడ మిగతా చొక్కాలు గంజిలో ముంచుతుండగానే ఫోన్ మోగింది. ఆయనే.

"ఇంటర్వ్యూకి వెళ్లలేదాండీ?"

"చొక్కా మన బ్లాక్ కిందే ఆగిపోయింది. ఇక్కడో షాపు అద్దెకుందిట. నేను లాగలేదు, అదీ కదల్లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "మన కొట్టుకి ఎండ ఏ పక్కనుంచి వస్తుందో నాకేం తెలుస్తుంది? ఓసారి కిందికి రా."

కాత్యాయని చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయి లిఫ్టు నొక్కింది.