జోసఫిన్ కట్టిన ఎర్ర ట్యాగు

జోసఫిన్ గాజులూ పెళ్లి ఉంగరమూ తీసి గోడ మేకుకు తగిలించింది. టెస్ట్ చేసేటప్పుడు చేతులకు లోహం ఉండకూడదు. ఆసుపత్రులకు కరెంటు ప్యానెళ్లు తయారుచేసే ఈ క్యారీ ఊరి షెడ్డులో ఇరవై ఏళ్లుగా ఆమె పని ఇలాగే మొదలవుతుంది. ఇవాళ్టితో ఆఖరు.

పొట్టి మనిషి. నెరిసిన జుట్టు ముడివేసి నీలం ఏప్రన్ కట్టుకుంటే పెళ్లి వంటలకొచ్చిన పెద్దావిడలా ఉంటుంది. ఆ వేళ్లు మాత్రం చూడాలి! చివర్లు బండబారినా, వైరు మీద సన్నటి గీతను కూడా తడిమి పట్టేస్తాయి. ఆమె వైరింగ్ చేసిన ప్యానెల్ ఇన్నేళ్లలో ఒక్కసారీ టెస్ట్‌లో ఫెయిల్ కాలేదు. సూపర్‌వైజర్ లక్ష్మీపతి ఆ మాటే కేకు మీద క్రీముతో రాయించి తెచ్చాడు.

మీటరు తగిలించి బటన్ నొక్కింది. అంకె పైకి పోకుండా అడుగునే ఆగిపోయింది. క్లిప్పులు తుడిచి మళ్లీ నొక్కింది. అదే అంకె. లోపల ఎక్కడో వైరు తొడుగు గీసుకుపోయి ఇనప పెట్టెకు తగులుతోంది.

ఏప్రన్ జేబులో చెయ్యి పెడితే నల్ల రబ్బరు రింగు తగిలింది. వైరు గీసుకుపోకుండా, అది దూరే రంధ్రం అంచుకు వేయాల్సింది. నిన్న అది వేయబోతుంటేనే, కేకు చాక్లెట్టా వెనిలానా అని లక్ష్మీపతి పిలిచాడు. వెళ్లి చెప్పొచ్చి, రింగు మరిచి వైరు లాగేసింది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

ఫెయిలైన ప్యానెల్‌ను చేసినవాళ్లు మళ్లీ ముట్టుకోకూడదు. తమ పేరుతో ఎర్ర ట్యాగు కట్టి పక్కకు నెడితే, మరొకరు విప్పి బాగుచేస్తారు. అది షెడ్డు పద్ధతి.

లక్ష్మీపతి వెనకే నిలబడి అంతా చూశాడు.

"జోసఫిన్ గారూ, టేప్ చుట్టి మళ్లీ టెస్ట్ చేసేయండి. నేనేం చూళ్లేదు. లాస్ట్ డే అండీ, ఇరవై ఏళ్ల రికార్డ్!"

"పిల్లల ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లేదండి ఇది. టేప్ ఊడితే?"

"కేక్ మీద రాయించేశానండీ..."

"అయితే చాకు ఇటివ్వండి."

నవ్వుతూనే అంది గాని కళ్లు నిండాయి. ట్యాగు మీద తన పేరు పెద్దగా రాసి ప్యానెల్ తలుపుకు కట్టింది. తర్వాత కేకు మీది అక్షరాలను చాకుతో సాపుచేసి, తనే కోసి అందరికీ పెట్టింది. తన పేరుతో ఆ ట్యాగు కట్టడం ఎంత కష్టమైన పనో అక్కడున్న ప్రతివాళ్లకూ తెలుసు. అందరూ ప్లేట్లు పట్టుకుని ఆమె ముందు నిలబడ్డారు.

సాయంత్రం గాజులు తొడుక్కుని, ఉంగరం పెట్టుకుని, "వస్తానండి" అని కార్‌లో వెళ్లిపోయింది.

లక్ష్మీపతి లైట్లు ఆర్పబోయి ఆగాడు. ఎర్ర ట్యాగు దారానికే ముడివేసి, రేపు విప్పేవాళ్ల చేతికి తగిలేలా, ఆ నల్ల రబ్బరు రింగు వేలాడుతోంది.