గువ్వ చెప్పిన అంకెలు

ఆ ఆదివారం ఇంట్లో ఐదుగురం ఉన్నాం. ముందు గదిలో కుట్టుమిషన్ మీద నాన్న, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని బడిపిల్లల చొక్కాలకు గుండీలు కుడుతున్న అమ్మ, పొద్దున్నే రెండు పెట్టెలతో బస్సు దిగిన అక్క, పిన్ని కూతురు గువ్వ, నేను. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని దాన్ని గువ్వ అన్నారు, ఆ పేరే నిలిచిపోయింది. నాకంటే ఏడాది చిన్నది. పిన్నికి ఆదివారం కూడా పని ఉంటుంది కాబట్టి అది మా ఇంట్లోనే తిని మా ఇంట్లోనే పడుకుంటుంది.

అక్క మెదడు గురించి పరిశోధన చేసే ల్యాబులో పనిచేస్తుంది. సెలవుల్లో రెండు వారాలు అక్కడ రాతపనికీ పరీక్షలకు కూర్చోవడానికీ ఒకరు కావాలని, ఆ ఒకరూ తన గదిలోనే ఉండొచ్చని ఫోనులో అమ్మతో చెప్పింది. ఆ ఒకరు నేనేననుకున్నాను. మా బడిలో మెదడంటే రంగు వెలిసిన ఒక్క పటమే. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, నాకు నోరు తెరిచి అడగడం కంటే అన్నం మానేయడం తేలిక.

అక్క కొత్త టోపీ ఒకటి తెచ్చింది. దాని నిండా చిన్న చిన్న బిళ్ళలు, వాటికి వైర్లు. అది సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసి మర్నాడు వాళ్ళ మేడానికి చెప్పాలట. ముందు నన్నే పిలిచింది. నా తల ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసేసుకుంది. అక్క వస్తోందని, చక్కగా కనబడాలని, ముందురోజు నేను తలకు నూనె దట్టంగా పట్టించి జడ బిగించుకున్నాను. నూనె ఉంటే బిళ్ళలు అంటవట.

“తల రుద్దుకుని వస్తానక్కా” అన్నాను.

“నీ జుట్టు ఆరేసరికి నా బస్సు వెళ్ళిపోతుంది” అని నవ్వి, గువ్వను లోపలి గదిలో కుర్చీలో కూర్చోబెట్టింది. గువ్వది మగపిల్లాడి క్రాపు.

మిషన్ మోటారు ఆడుతుంటే టోపీ పట్టే మెదడు గీతలు చెడిపోతాయని అక్క దాన్ని ఆపించింది. రేపటికి ముప్పై చొక్కాలు ఇవ్వాలని నాన్న గొణుక్కుంటూనే ఆపాడు.

పని చిన్నదే. తెర మీద గడియారం లాంటి బొమ్మ చుట్టూ ఒక చుక్క గబగబా తిరుగుతుంది. గువ్వ తనకు తోచినప్పుడు మీట నొక్కాలి. నొక్కాలని అనిపించిన క్షణంలో చుక్క ఏ అంకె దగ్గర ఉందో చెప్పాలి. నేను పక్కన కూర్చుని ఆ అంకె రాయాలి. ఇలా నలభై సార్లు. నొక్కిన క్షణాన్ని కంప్యూటరే రాసుకుంటుంది. మెదడులో లేచే గీతలు కళ్ళముందుంటే గువ్వ వాటినే చూస్తుందని, చుక్క తిరిగే తెరను మా ముందు ఉంచి, అక్క కంప్యూటరు తీసుకుని వంటగదిలో కూర్చుంది.

ఇరవై తొమ్మిది సార్లయ్యాక అక్క వచ్చి, అప్పటిదాకా నేను రాసిన అంకెలు చూసుకుంది. అన్నీ కలిపి చూస్తే, నొక్కాలని గువ్వకు అనిపించకముందే దాని మెదడులో గీత లేస్తోందని చెప్పింది. అంటే మనం అనుకోకముందే లోపల పని మొదలైపోతుందన్నమాట. అక్క ముఖం వెలిగిపోతోంది. అంత కదలకుండా కూర్చునేవాళ్ళు ల్యాబులో కూడా లేరట.

“సెలవులకు నాతో వచ్చెయ్యవే గువ్వా” అంది.

గువ్వ నా వైపు చూసింది. “చిన్నక్క వస్తుందేమో పెద్దక్కా.”

“దానికి ఇష్టం లేనట్టుంది. ఒక్క మాటా అనలేదు” అని అక్క వంటగదిలోకి వెళ్ళిపోయింది.

గువ్వ నా కోసం అడగడమే నాకు మరీ మండింది. అది జాలిపడితే తప్ప నా సంగతి ఎవరికీ గుర్తుకు రాదు కాబోలు. నా అక్క, నా ఇల్లు, నేను కూర్చోవలసిన కుర్చీ. మళ్ళీ చుక్క తిరిగింది. గువ్వ నొక్కింది. ముప్పై అయిదు అంది. నేను యాభై అని రాశాను. తర్వాతిది పన్నెండు అంటే ఇరవై ఎనిమిది రాశాను. గువ్వ కళ్ళు తెర మీదే ఉన్నాయి. నలభై పూర్తయ్యేదాకా అలాగే రాశాను.

అక్క కాగితం తీసుకుని అంకెలన్నీ కంప్యూటరులో వేసింది. చివరి పదకొండింటిలో గువ్వ ముందు మీట నొక్కి, ఆ తర్వాత నొక్కాలనుకున్నట్టు వచ్చింది.

“అదేం వింత? నేను ముందు కత్తిరించి తర్వాత కొలత గుర్తు చేసుకుంటాను” అన్నాడు నాన్న. అమ్మ పళ్ళ మధ్య దారం పట్టుకునే నవ్వింది.

అక్క నవ్వలేదు. మనసు పెట్టకుండా చెప్పావని, ఇలాగైతే మేడానికి ముఖం చూపించలేనని గువ్వను కసిరింది. చూసే చెప్పానంటున్న గువ్వ గడ్డం వణికింది. దాన్ని చూస్తే నాకు లోలోపల హాయిగా అనిపించింది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ, అప్పుడు హాయిగానే అనిపించింది.

అక్కకు ఏం తోచిందో, మరో పది సార్లు చేయించింది. ఈసారి పక్కన కూర్చుని తనే రాసుకుంది. ఒక్కటీ తప్పలేదు. నన్ను గది గుమ్మం బయటికి పిలిచి నా కాగితం చూపించింది.

“ఇవి ఎవరి అంకెలు?”

“కావాలని రాయలేదక్కా. చెయ్యే రాసేసింది. మనం అనుకోకముందే మొదలైపోతుందని నువ్వేగా చెప్పావు.”

“ఒక్కసారైతే నమ్మేదాన్నే. పదకొండు సార్లా?”

అక్క గొంతు తగ్గించింది.

“మొదలైనదాన్ని ఆపుకోవడానికి రవ్వంత సందు ఉంటుందంటారు కొందరు. మా వాళ్ళకు ఇంకా తేలలేదు. నీ సంగతి నువ్వు చెప్పు. ఉందా, లేదా?”

ముప్పై అయిదు అని విన్నాక పెన్సిలు కాగితానికి కాస్త పైన ఆగింది. ప్రతిసారీ ఆగింది. ఆ ఆగినంతసేపూ సరైన అంకె నా నోట్లోనే ఉంది.

“ఉంది” అన్నాను. “గువ్వ రాకూడదనే రాశాను. నేనే రావాలని.”

కుర్చీలోంచి గువ్వ మా వైపు తిరిగింది. వైర్లు లాగినట్టున్నాయి, మళ్ళీ ముందుకు తిరిగిపోయింది. మొదటి నుంచీ నలభై సార్లూ మళ్ళీ చేయాలంది అక్క. నేను కొత్త కాగితం తీసుకుని గుమ్మం దాటబోయాను. అక్క నా వేళ్ళలోంచి పెన్సిలు తీసుకుని, లోపలికి వెళ్ళి తలుపు వేసేసింది.