ఖాళీ కారు బరువు

టైర్ల పిన్ని రోజూ ఒకే పద్ధతిలో కొట్టు తెరుస్తుంది. షట్టరు సగమే ఎత్తి, వంగి లోపలికి దూరుతుంది. పూర్తిగా ఎత్తితే ఎవరో ఒకరు కారు తెచ్చి పెడతారు, ఇక టీ చల్లారిపోయినట్టే. గాలి మిషను ఆన్ చేసి, అది గుర్రుమంటూ నిండేలోపు టీ ముగించి, చీపురు అందుకుంటుంది. కొట్టంతా ఒకసారి ఊడిస్తే మధ్యలో ఉన్న గచ్చును మాత్రం రెండుసార్లు ఊడుస్తుంది. ఒక కారు పట్టేంత గచ్చు అది, నల్లగా, నున్నగా ఉంటుంది.

దాని సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. కొత్త టైర్లు బిగించి జాకీ దించగానే, ఆ టైర్లు అరిగేలోపు ఆ కారు ఏనాడు అన్ని రోజులకంటే నిండుగా వెళ్తుందో, ఆనాటి బరువంతా ఖాళీ కారుకే పట్టేస్తుంది. కొట్టు నుంచి ఇంటికెళ్ళే దారి మాత్రం లెక్కలోకి రాదు. మనుషులు ఒక్కొక్కరే ఎక్కి కూర్చుంటున్నట్టు ఒక్కో మూలా దిగుతుంది. దిగడం ఆగాక పిన్ని టైరుకీ పైన మడ్‌గార్డుకీ మధ్య వేలు పెట్టి చూస్తుంది. వేలు ఆడితే కారు పంపిస్తుంది, ఆడకపోతే టైర్లు విప్పేస్తుంది. ఇందులో వింతేమీ జనానికి తోచలేదు. వాళ్ళ గొడవల్లా వరుసలో నిలబడాల్సి వస్తోందనే.

ఆ రోజు షట్టరు పూర్తిగా లేవకముందే అద్దాలబ్బాయి వచ్చేశాడు. కిటికీలకూ దుకాణాలకూ అద్దాలు బిగించే పని అతనిది, పాతికేళ్ళ మీద ఒకటో రెండో ఉంటాయి. కారు స్ప్రింగులు మార్పించి బాగా కిందికి దింపించాడు. వీధి మలుపులో నీళ్ళ కాలువ దాటేటప్పుడు దాని కడుపు గీసుకున్న చప్పుడు లోపలున్న పిన్నికి కూడా వినిపించింది. డిక్కీలో మెరిసిపోయే పదిహేడంగుళాల చక్రాలు నాలుగు, వెనక సీటు నిండా కొత్త టైర్లు. ముందు సీట్లో వాళ్ళక్క, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, ముఖం మాడ్చుకుని ఉంది. ఆవిడ బట్టలు కుడుతుంది. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి ఆ కుట్టుమిషను మీదే పెంచింది.

"పిన్నీ, టైర్లు నేనే తెచ్చుకున్నా. మీరు ఎక్కించేస్తే చాలు," అన్నాడు అద్దాలబ్బాయి.

పిన్ని టైరు పక్కనున్న అంకెలు చదివింది. రెండొందల పదిహేను, యాభై, పదిహేడు.

"ఇవి ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పేదేముంది? లావుగా ఉంటే బాగుంటుంది కదా."

"నీ కారుతో వచ్చినవి నూట ఎనభై అయిదు, అరవై అయిదు, పదిహేను. మొదటి అంకె వెడల్పు. రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు నూటికి ఎంతో చెప్తుంది. మూడోది చక్రం. చక్రం పెంచితే గోడ తగ్గించుకోవాలి నాయనా, మొత్తం ఎత్తు పాతదాని దగ్గరే ఉండాలి. ఇవి రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువొస్తాయి. పైగా కారేమో కిందికి దింపుకున్నావు. సందెక్కడుంది?"

"సందుంది పిన్నీ. ఇంటి దగ్గర జాకీ మీద పెట్టి చూశా, రెండు వేళ్ళు పట్టాయి."

కారు దింపించుకున్న కుర్రకారంతా చేసే పొరపాటే ఇది. జాకీ మీద చక్రం వేలాడుతున్నప్పుడు ఏ టైరైనా పడుతుంది.

ఇంతలో వాళ్ళక్క నోరు విప్పింది. "నిలబెట్టి కొలిచి ప్యాంటు కుడితే కూర్చోగానే పిగులుతుందిరా. ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"అక్కా, ఇది ప్యాంటు కాదు."

ఇద్దరి మధ్యా పడటం ఎందుకని పిన్ని అతను తెచ్చినవే ఎక్కించి, గాలి కొట్టి, బిగించి, జాకీ దించింది. కారు తన బరువుకు తాను దిగి ఆగింది. ఇక మనుషుల బరువు పట్టాలి. ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది.

ఏ మూలా దిగలేదు. డ్రైవరు మూల కూడా.

పిన్ని ఇన్నేళ్ళలో ఇలా ఒక్కసారే చూసింది, కొట్టు పెట్టిన కొత్తలో. గచ్చు ఒక్కోరోజు పనిచేయదేమోలే అనుకుని ఆ కారును పంపించేసింది. ఆ సాయంత్రానికే వాళ్ళింటి ముందు జనం గుమిగూడారు. ఆ ఇంటి వైపు వెళ్ళాల్సి వస్తే పిన్ని ఇప్పటికీ చుట్టు తిరిగి వెళ్తుంది.

"గట్టి స్ప్రింగులు వేయించా పిన్నీ, అందుకే దిగలేదు," అన్నాడు అద్దాలబ్బాయి. నవ్వబోయాడు గానీ నవ్వు సరిగా రాలేదు.

పిన్ని రెండు చేతులూ బానెట్ మీద వేసి నొక్కింది. కారు మెత్తగా దిగి లేచింది. స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పింది. మడ్‌గార్డు లోపలి రేకు అంచు టైరు భుజం మీద సన్నగా గీత పెట్టింది. ఆ గీతను వేలితో చూపించింది. "స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా ఇక్కడ కోస్తుంది. ఇంటికి చేరేలోపే..." అని ఆపేసింది.

అక్క తమ్ముడి చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆవిడకు భయం వేసింది, మామూలు భయం కాదు. అమ్మ పోయిన రోజు వేసిన భయం. "విప్పేయండి పిన్నిగారూ. విప్పేయండి," అంది.

అతనే స్పానరు తీసి పిన్నికి అందించాడు. కానీ పంతం అంత తేలిగ్గా పోతుందా? అలమారలో పైన ఉన్నవి చూపించాడు. నూట తొంభై అయిదు, నలభై. రిబ్బను చుట్టినట్టు పల్చగా ఉంటాయి. "పోనీ అవి వేయండి. అంచుకు తగలవుగా."

వేసి దించింది. ఈసారి డ్రైవరు మూల నెమ్మదిగా దిగింది. అక్క గుండెల నిండా గాలి పీల్చుకుంది. మిగతా మూడు మూలలూ దిగుతాయేమోనని ఎదురుచూశారు. దిగలేదు.

"ప్రాణానికి ఢోకా లేదు," అంది పిన్ని, "కానీ వీటి బరువు అంకె చూడు, టైరు ఎంత మోయగలదో చెప్పేది. ఎనభై ఒకటి. పాతవాటిది ఎనభై ఎనిమిది. నలుగురెక్కితే మోయలేవు. గోతిలో పడితే చక్రం వంగుతుంది, నడుము విరుగుతుంది. ఇది తెలిసి ఇంకెవరూ ఎక్కరు."

"ఫరవాలేదు పిన్నీ. నేనొక్కడినే కదా తిరిగేది."

అక్క చెయ్యి అతని చొక్కా మీద నుంచి జారిపోయింది. వెనక చక్రం దగ్గరికి వెళ్ళి వంగి, దిగని ఆ మూలను చూస్తూ ఉండిపోయింది. తను కూడా ఎక్కని కారు అది. అతనికి అప్పుడు తెలిసింది తనేమన్నాడో.

"మీకు ఏది తోస్తే అది వేయండి పిన్నీ," అన్నాడు.

పిన్ని లోపలి గదిలోంచి నాలుగు టైర్లు దొర్లించుకొచ్చింది. రెండొందల అయిదు, నలభై అయిదు, పదిహేడు. బరువు అంకె ఎనభై ఎనిమిది. చూడ్డానికి లావూ కాదు, పల్చనా కాదు. ఎత్తు పాతదానికి అయిదు మిల్లీమీటర్లు తక్కువ, అంతే. బిగించి జాకీ దించింది.

డ్రైవరు మూల దిగింది. దాని వెంటే వెనక తలుపు వైపు దిగింది, ఎప్పుడూ సీటు అంచు మీదే కూర్చునే మనిషి బరువు. "అది నేనే," అంది అక్క గుసగుసగా. తర్వాత డ్రైవరు పక్క సీటు వైపు దిగింది, తొందరేమీ లేని బరువు. పైట సర్దుకుని ఎవరో కూర్చున్నట్టు దిగి, కాస్త కదిలి, కుదురుకుంది. అద్దాలబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవర్రా?" అంది అక్క.

"నాకేం తెలుసక్కా! ఒట్టు, నాకు తెలీదు!"

అప్పుడు వెనక సీటు మధ్యలో చిన్న బరువొకటి వచ్చింది. వెంటనే దాని పక్కన అంతే బరువు ఇంకొకటి. రెండూ ఒకచోట ఉండటం లేదు. స్ప్రింగులు కిర్రుకిర్రుమంటూ గెంతుతున్నాయి. ఖాళీ కారు, తలుపులు మూసి ఉన్న కారు, పట్టపగలు వాళ్ళ కళ్ళ ముందు ఊగుతోంది.

పిన్ని ముప్పై ఏళ్ళుగా రోజూ చూస్తున్నదే. అయినా ఇంకా పుట్టని పిల్లల అల్లరి చూడటం ఆమెకు ఇదే మొదలు. గచ్చు మీద మోకాళ్ళూని, సందులో వేలు పెట్టింది. వేలు ఆడింది. స్టీరింగు తిప్పించింది. అప్పుడూ ఆడింది.

"సరిపోయింది," అంది.

అద్దాలబ్బాయి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తలుపు వేసిన చప్పుడు కూడా వినిపించలేదు. అక్క అలవాటుగా ముందు సీటు దగ్గరికి వెళ్ళి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి, ఆగింది. చెయ్యి తీసేసి వెనక తలుపు తెరిచింది.

"కాస్త జరగండి నాన్నా," అని అంచు మీద కూర్చుంది.

పిన్ని వేలు ఇంకా సందులోనే ఉంది. అక్క ఎక్కినా కారు వెంట్రుకవాసి కూడా దిగలేదు.