ఎక్కించిన సూది

దారానికి మైనం రాసి, పూసల పిన్ని దాని కొసను భర్త ముందుకు జరిపింది. ఆయన అప్పటికే గుడ్డదిండులో సూదిని నిలువుగా గుచ్చి, కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. కొసను నాలుకతో తడిపి, పళ్ళతో అదిమి చదును చేశాడు. మణికట్లు రెండూ బల్ల అంచుకు ఆనించాడు. చెయ్యి వణికింది. ఆగాడు. వణుకు ఒక్క క్షణం వదలగానే దారం బెజ్జంలోకి దూరింది.

జీవితమంతా గడియారాలు బాగుచేసిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక దుకాణం మూసేశాడు. చూపు మాత్రం ఇప్పటికీ గద్ద చూపే. పిన్నిది దీనికి తిరగబడ్డ కథ. వేళ్ళు చెప్పినట్టు వింటాయి, కళ్ళు వినవు. ఇద్దర్నీ కలిపితే ఒక పనివాడు.

"ఏం చూస్తావలా? నేను ఎక్కించందే నీ పెత్తనం సాగదు" అన్నాడు.

"మీరు ఎక్కించేసరికి ఈ హారం పెట్టుకోవాల్సిన పెళ్ళికూతురు పిల్లల్ని కనేస్తుంది."

రెండో సూది ఎక్కిస్తున్న ఆయన మూతి బిగించుకున్నాడు. నవ్వితే చెయ్యి కదులుతుంది.

పిన్ని గుడ్డ పరిచిన పళ్ళెం ముందుకు లాక్కుని సూదిమొనతో పూసలు ఏరడం మొదలుపెట్టింది. ఆవగింజంత గాజుపూసలు, ముదురు నీలం. కుట్టు గోడ కట్టినట్టే. కింది వరసలో రెండు పూసల నడుమ సందులో పై వరస పూస కూర్చోవాలి. కూర్చోగానే దారం రెండోసారి అదే దారిన పోవాలి. అంచుకు వచ్చేసరికి కుట్టు మారుతుంది, చిన్న చిన్న ఉంగరాల వల.

కిందటి హారంలో నీలం మధ్య నల్లపూస పడి, అది వెనక్కి వచ్చింది. "ఇంకోసారి ఇలాగైతే పని వేరేవాళ్ళకిస్తాను పిన్నిగారూ" అన్నాడు నగల కొట్టువాడు. నవ్వుతూనే అన్నాడు. అలాంటివాళ్ళు నవ్వుతూనే అంటారు.

పని పోతే పిన్నికి తిండి ఆగదు. కానీ పొద్దున్నే లేచి భూతద్దం తుడుచుకోవడానికి ఆయనకు కారణం ఉండదు. దుకాణం మూసిన కొత్తలో ఆయన గోడవైపు తిరిగి పడుకున్న రోజులు ఆమె మరిచిపోలేదు. ఈ పని ఆమె పట్టుకుని వేలాడుతున్నది అందుకే. ఆ మాట ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

మధ్యాహ్నం హారాన్ని ఆయన చేతికిచ్చింది. ఆయన వరస వరసా చూసుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

"ఒకటుంది."

"ఎక్కడ?"

"చాలా కింద, మొదట కుట్టిన వరసల్లో. వదిలెయ్. మెడ వెనక్కి పోతుంది, జుట్టు కప్పేస్తుంది."

"పన్ను అరిగిన చక్రం దొరికితే, లోపల ఎవడు చూస్తాడని వదిలేసేవారా?"

ఆయన భూతద్దం తీసి తుడుచుకున్నాడు.

"విప్పు" అన్నాడు.

విప్పాలంటే ముందు దారం నుంచి సూది తీసెయ్యాలి. అంటే ఆయన మళ్ళీ ఎక్కించాలి. పిన్ని వరసలు విప్పుతూ పూసల్ని పళ్ళెంలోకి రాల్చింది. ఆయన ఎడమచెయ్యి విదిలించుకుని, తిమ్మిరెక్కిందన్నాడు. ఈసారి వణుకు తొందరగా వదల్లేదు. పిన్ని చూడనట్టు కిటికీవైపు తిరిగింది. సాయం చేస్తానంటే ఆయనకు కోపం.

ఆ సూది అయ్యాక కూడా ఆయన లేవలేదు. ఇంకో రెండు ఎక్కించి దిండుకు గుచ్చాడు.

"చాలండీ. ఇన్నెందుకు?"

"ఒకటి ఎక్కువే పెట్టాను. మాటిమాటికీ ఏమండీ ఏమండీ అని నన్ను లేపకు."

కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. భూతద్దం ఒళ్ళో ఉంది. పిన్ని కుట్టింది. వేళ్ళ కింద పూసలు ఒక్కొక్కటీ సర్దుకున్నాయి. కిటికీలో వెలుగు పలచబడేసరికి కొక్కెం దగ్గర ముడి పడింది. మిగిలిన దారాన్ని వరసల్లోకి దాచి కత్తిరించింది.

"ఏమండీ, అయిపోయింది. మీ సూది ఒకటి మిగిలింది కూడా. ఒకసారి చూడండి."

హారాన్ని ఆయన కళ్ళముందు పట్టుకుంది. ఆయన చూడలేదు. కుర్చీ చేతి మీద ఉన్న ఆయన చెయ్యి వణకడం లేదు.

పిన్ని హారాన్ని మెల్లగా పళ్ళెంలో పెట్టి, ఆ చేతి మీద చెయ్యి వేసి కూర్చుంది. చీకటి పడినా దీపం వెయ్యలేదు.

హారం వెనక్కి రాలేదు. తరవాతి వారం కొట్టువాడే పరామర్శకు వచ్చి, వెళ్ళబోతూ కొత్త పూసల సంచి గుమ్మం పక్కన పెట్టాడు.

"నీలమేనా?" అంది పిన్ని.

"నీలమే పిన్నిగారూ. నిదానంగానే ఇవ్వండి."

"పట్టుకుపో నాయనా. ఏది నీలమో ఏది నలుపో చెప్పే మనిషి లేడు."

సూదులు తాను ఎక్కించి పెడతానంది, దినాలకు వచ్చి ఉండిపోయిన కూతురు. పిన్ని వద్దనలేదు, అవుననలేదు. ఇల్లు ఊడ్చినప్పుడు బల్లమీద సామానంతా తీయనిచ్చింది, గుడ్డదిండు ఒక్కటి ముట్టుకోనివ్వలేదు. అందులో ఒక సూది నిలువుగా నిలబడి ఉంది, దారంతో సహా. ఆయన పళ్ళతో అదిమిన కొస ఇంకా చదునుగానే ఉంది.